రెక్క పైకి లేవనప్పుడు: ఫ్రోజెన్ షోల్డర్ చికిత్స, కోలుకోవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో నేను ఫిజియోథెరపీ చేసే గదికి వచ్చేవారిలో చాలామంది ఈ జబ్బును పేరు పెట్టి చెప్పరు. “రెక్క పట్టేసింది బాబూ” అంటారు, “జబ్బ లేవడం లేదు” అంటారు. కొందరు ఏమీ అనకుండానే తల దువ్వుకుంటున్నట్టు చెయ్యి ఎత్తబోయి, చెవి దగ్గరే ఆపేసి, నా వంక చూస్తారు. ఆమదాలవలస, నరసన్నపేట, రాజాం, చీపురుపల్లి వైపుల నుంచి వచ్చేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇవి చదివి వైద్యుడిని కలవడం మానుకోవద్దు. కలిసినప్పుడు ఏం అడగాలో, ఇంటికి వచ్చాక ఏం చేయాలో తెలియడానికే ఇవి.

ప్రశ్న: భుజం బిగుసుకుపోవడం అంటే లోపల ఏం జరుగుతుంది?

భుజం కీలులో దండచేయి ఎముక తల బంతిలా ఉంటే, రెక్క ఎముకలోని పల్లం గిన్నెలా ఉంటుంది. ఈ రెండింటినీ చుట్టి పల్చని సంచిలాంటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని కీలు తిత్తి అనుకుందాం. మామూలుగా ఈ తిత్తి వదులుగా, చంక వైపు మడతలు పడి ఉంటుంది కనుకనే చెయ్యి ఎత్తినప్పుడు ఆ మడతలు విచ్చుకుని దారి ఇస్తాయి. ఈ జబ్బులో ముందు తిత్తికి వాపు వస్తుంది, ఆ తర్వాత అది మందమై, పాత గాయం మచ్చలా గట్టిపడి, మడతలు దగ్గరకు ముడుచుకుపోతాయి. ఆరోగ్యంగా ఉన్న భుజం కీలులో 20 మిల్లీలీటర్లకు పైగా ద్రవం పట్టే చోటు ఉంటే, బాగా బిగుసుకున్న కీలులో తరచుగా 10 మిల్లీలీటర్లు కూడా పట్టవు. మొదటి ఉతుకుకే కుంచించుకుపోయిన జాకెట్టు చేతికి ఎలా పడుతుందో, కీలుకు ఈ తిత్తి అలా పడుతుంది.

ఫ్రోజెన్ షోల్డర్ అనే పేరును 1934లో అమెరికా శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ వాడుకలోకి తెచ్చారు. తిత్తిలో జరిగే మార్పును గమనించి 1945లో జూలియస్ నెవియాసర్ దానికి అడ్హెసివ్ క్యాప్సులైటిస్ అని పేరు పెట్టారు. మన వైపు చీటీల మీద ఎక్కువగా “పెరి ఆర్థరైటిస్” అని రాస్తారు. మూడు పేర్లు చూసి మూడు జబ్బులు ఉన్నాయని భయపడకండి.

ప్రశ్న: బరువు ఎత్తినందువల్ల వచ్చిందా? నేను ఏం తప్పు చేశాను?

చాలా సందర్భాల్లో మీరు ఏ తప్పూ చేయలేదు. బిందె ఎత్తినప్పుడో, బస్సులో పైకడ్డీ పట్టుకున్నప్పుడో మొదటిసారి నొప్పి తెలిసి ఉంటుంది కాబట్టి, అదే కారణం అనిపిస్తుంది. నిజానికి అప్పటికే తిత్తిలో వాపు మొదలై ఉంటుంది. ఇది ఎక్కువగా 40 నుంచి 60 సంవత్సరాల మధ్య వయసులో వస్తుంది, మగవారి కంటే ఆడవారిలో కొంత ఎక్కువ. జనంలో నూటికి 2 నుంచి 5 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అంచనా. మధుమేహం, థైరాయిడ్ లోపాలు దీనికి బాగా దగ్గరి చుట్టాలు. చెయ్యి విరిగి కట్టు వేసి ఉంచినప్పుడు, రొమ్ము లేదా గుండె ఆపరేషన్ తర్వాత, పక్షవాతం వచ్చినప్పుడు చెయ్యి చాలాకాలం కదలకుండా ఉండిపోయినా ఇది రావచ్చు. ఏ కారణమూ కనిపించకుండా వచ్చేవారూ చాలామంది ఉన్నారు.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది. దానికీ భుజానికీ ఏమిటి సంబంధం?

ఈ ప్రశ్న అడిగితే నాకు సంతోషం కలుగుతుంది, ఎందుకంటే అడగనివారే ఎక్కువ. మధుమేహం ఉన్నవారిలో నూటికి 10 నుంచి 20 మందికి ఈ జబ్బు వస్తుంది. అంటే మామూలు జనంలో కంటే కొన్ని రెట్లు ఎక్కువ. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, అది కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులకు అంటుకుని వాటిని బిరుసుగా మారుస్తుంది. కీలు తిత్తి ఆ పోగులతోనే తయారవుతుంది కాబట్టి భుజం బిగుసుకుంటుంది. ఇటువంటివారిలో బిగువు ఎక్కువగా ఉంటుంది, రెండు భుజాలకూ రావడం ఎక్కువ, తగ్గడానికి పట్టే కాలమూ ఎక్కువ.

దీనికి ఇంకో వైపు కూడా చూడాలి. నలభై అయిదేళ్లు దాటిన మనిషికి దెబ్బ ఏదీ తగలకుండానే భుజం బిగుసుకుంటే, షుగర్ ఉందని ఇంతవరకూ తెలియకపోయినా పరీక్ష చేయించుకోవడం మంచిది. మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ, దానితోపాటు థైరాయిడ్ పరీక్ష అడిగి చేయించుకోండి. భుజం కోసం వచ్చి షుగర్ బయటపడినవారిని నేను చూశాను. వారికి ఆ భుజం మేలే చేసింది.

ప్రశ్న: నాకు వచ్చింది ఇదేనని ఎలా తెలుస్తుంది?

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నిలబడి, రెండు మోచేతులనూ నడుముకు ఆనించి, పళ్లెం పట్టుకున్నట్టు ముంజేతులను ముందుకు చాచండి. మోచేతులు ఒంటికి ఆనే ఉండగా, ముంజేతులను బయటి వైపుకు తలుపు తెరిచినట్టు తిప్పండి. బాగున్న చెయ్యి దూరంగా వెళ్లి, నొప్పి చెయ్యి మధ్యలోనే గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతే, ఈ జబ్బు అని అనుమానించవచ్చు. ఇప్పుడు ఇంకొకరిని మెల్లగా తిప్పమనండి. భుజం చుట్టూ ఉన్న కండర స్నాయువు తెగినవారికి తమంతట తాము ఎత్తలేకపోయినా ఎదుటివారు ఎత్తితే చెయ్యి లేస్తుంది. తిత్తి బిగుసుకున్నవారికి ఎవరు ఎత్తినా లేవదు. ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే రెండింటి చికిత్సా ఒకటి కాదు.

మెడ ఎముకల అరుగుదల వల్ల వచ్చే నొప్పి తరచుగా మోచేయి దాటి వేళ్ల వరకూ పాకి, తిమ్మిరి కూడా పుట్టిస్తుంది. భుజం నొప్పి అయితే ఎక్కువగా జబ్బ బయటి వైపున, మోచేయికి పైనే సలుపుతుంది.

ప్రశ్న: ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మరి ఇంత నొప్పి ఎక్కడిది? ఎం.ఆర్.ఐ. తీయించాలా?

తిత్తి ఎక్స్‌రేలో కనిపించదు, అందుకే ఈ జబ్బులో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. ఎక్స్‌రే తీసేది ఇతర జబ్బులు లేవని రూఢి చేసుకోవడానికి. కీలు అరిగిపోవడం, ఎప్పుడో ఎముక విరిగి ఉండటం, కీలు వెనక్కి జారి ఉండిపోవడం, భుజానికి క్షయ సోకడం వంటివి అందులో తెలుస్తాయి. భుజం క్షయ కొన్నిసార్లు అచ్చం ఇలాగే బిగువుతో వస్తుంది, జబ్బ కండ బాగా కరిగిపోతుంది. ఎం.ఆర్.ఐ. అందరికీ అవసరం లేదు. వైద్యుడు చేత్తో పరీక్షించి చెప్పగలిగే జబ్బు ఇది.

ప్రశ్న: ఎంతకాలం పడుతుంది? సిరిమాను నాటికి తగ్గుతుందా?

విజయనగరం నుంచి వచ్చిన ఒకావిడ నన్ను అక్షరాలా ఇలాగే అడిగారు. అప్పటికి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మూడు నెలలు ఉంది. “నొప్పి తగ్గవచ్చమ్మా, చెయ్యి పూర్తిగా లేవడం మాత్రం వచ్చే ఏడాది సిరిమానుకు చూద్దాం” అన్నాను. ఆవిడ నిరాశపడ్డారు. అయినా తప్పుడు ఆశ పెట్టకూడదనే నేను అనుకుంటాను, ఎందుకంటే రెండు నెలల్లో తగ్గుతుందని నమ్మినవారు మూడో నెలలో వ్యాయామం మానేసి, ఇంకెక్కడికో వెళ్లి చేతిని బలవంతంగా లాగించుకుంటారు.

జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదటిది నొప్పి దశ, ఇది రెండు నుంచి తొమ్మిది నెలలు ఉండవచ్చు. రాత్రిళ్లు నొప్పి ఎక్కువ, కదలిక రోజురోజుకూ తగ్గుతుంది. రెండోది బిగువు దశ, సుమారు నాలుగు నుంచి పన్నెండు నెలలు. నొప్పి సద్దుమణిగి, చెయ్యి మాత్రం కొయ్యలా ఉండిపోతుంది. మూడోది సడలే దశ, ఇది అయిదారు నెలల నుంచి రెండేళ్ల వరకూ సాగవచ్చు. అన్నీ కలిపితే ఎక్కువమందికి ఒకటి నుంచి మూడేళ్లు. ఈ దశల మధ్య గట్లు ఉండవు, ఒకదానిలోకి ఒకటి మెల్లగా కలిసిపోతాయి. చికిత్సలో ఏది ఎప్పుడు చేయాలన్నది మీరు ఏ దశలో ఉన్నారన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. కింద రాసే జవాబులన్నీ ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి.

ప్రశ్న: నొప్పి మాత్రలు ఎన్నాళ్లు వాడవచ్చు?

శ్రీకాకుళం జిల్లావారు, అందులోనూ ఉద్దానం వారు, ఈ జవాబును దయచేసి రెండుసార్లు చదవండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇంకా కారణం తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో మనకు తెలుసు. ఆ జబ్బు కోసమే పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించారు. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు రక్తం సరఫరాను తగ్గిస్తాయి. మూత్రపిండాలు ముందే దెబ్బతిన్నవారికి ఇవి ఇంకా హాని చేస్తాయి. ఆ జబ్బు చాలాకాలం పైకి ఏ గుర్తూ చూపదు కాబట్టి, నాకు ఏమీ లేదని ఎవరికి వారు అనుకోవడానికి వీల్లేదు.

అందువల్ల ఈ మాత్రలను మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని నెలల తరబడి వేసుకోవద్దు. వైద్యుడు రాస్తే, ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించి, తక్కువ మోతాదులో, తక్కువ రోజులు వాడండి. షుగర్, బీపీ, గ్యాస్ పుండు, గుండె జబ్బు ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. ఎండలో జీడి తోటలో, కొబ్బరి తోటలో పనిచేసి, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఈ మాత్ర వేసుకోవడం మరీ ప్రమాదం. పారాసిటమాల్ మూత్రపిండాల విషయంలో వాటికంటే భద్రమైనదే, కానీ దానికీ మోతాదు పరిమితి ఉంది. ఊళ్లో వేసే నొప్పి సూది కూడా చాలావరకు ఈ డైక్లోఫెనాక్ మందే. తుంటికి వేశారు కదా, కడుపుకు, కిడ్నీకి సంబంధం లేదనుకోవడం పొరపాటు.

ప్రశ్న: భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తామన్నారు. భయపడాలా?

భయపడనక్కర్లేదు, కానీ ఎప్పుడు, ఎందుకు అన్నది తెలిసి ఉండాలి. ఇది తుంటికి వేసే సూది కాదు, కీలు లోపలికి వేసేది. నొప్పి దశలో వేస్తే ఎక్కువ మేలు చేస్తుంది, రాత్రి నిద్ర తిరిగి వస్తుంది. ఆ ఉపశమనం సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల వరకూ ఉంటుంది. ఆ వ్యవధిలో వ్యాయామం చేసి కదలికను తెచ్చుకోవాలి. అందుకే ఇంజెక్షన్ చేయించుకుని, నొప్పి తగ్గింది కదా అని ఇంట్లో కూర్చుంటే సగం ఫలితం నేలపాలు. నొప్పి పోయి బిగువు మాత్రమే మిగిలినవారికి ఇది పెద్దగా ఉపయోగపడదు.

షుగర్ ఉన్నవారికి ఈ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులపాటు, ఒక్కోసారి వారం వరకూ, రక్తంలో చక్కెర పెరుగుతుంది. ముందే షుగర్ అదుపులో లేకపోతే, అదుపులోకి తెచ్చాకే చేయించుకోవడం మంచిది. చేయించుకున్నాక వారం రోజులు రోజూ పరీక్షించుకోండి. ఆ భుజం ఎర్రబడి, వేడిగా మారి, జ్వరం వస్తే వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లండి.

ప్రశ్న: ఏయే వ్యాయామాలు చేయాలి?

ముందు కాపడం పెట్టండి. వేడినీటిలో ముంచి పిండిన తువ్వాలు గానీ, రబ్బరు సంచి గానీ పది పదిహేను నిమిషాలు చాలు. షుగర్ వల్ల చర్మానికి స్పర్శ తగ్గినవారు వేడిని బాగున్న చేత్తో చూసుకుని పెట్టుకోవాలి, లేకుంటే బొబ్బలు వస్తాయి.

నొప్పి దశలో ఊపు వ్యాయామం ఒక్కటే చాలామందికి సరిపోతుంది. బాగున్న చేతిని బల్ల మీద ఆనించి, నడుము ముందుకు వంచి, నొప్పి చేతిని బావిలో చేదలా వదులుగా వేలాడనివ్వండి. ఒంటిని కొద్దిగా ఊపితే ఆ చెయ్యి దానంతట అదే ముందుకీ వెనక్కీ, పక్కలకూ, గుండ్రంగానూ తిరుగుతుంది. చేతిని మీరు తిప్పకూడదు, అది ఊగాలి. ఒక్కో వైపు పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయండి.

రాత్రి నొప్పి తగ్గిన తర్వాత సాగదీయడం మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని, బాగున్న చేత్తో నొప్పి చేతి మణికట్టు పట్టుకుని, తల మీదుగా వెనక్కి మెల్లగా తీసుకువెళ్లడం ఒకటి. మోచెయ్యి నడుముకు ఆనించి ఉంచి, రెండు చేతులతో కర్ర పట్టుకుని, బాగున్న చేత్తో కర్రను నెడుతూ నొప్పి చేతిని బయటి వైపుకు తిప్పడం రెండోది. నన్ను ఒక్క వ్యాయామమే చెప్పమంటే ఇదే చెబుతాను, ఎందుకంటే ముందుగా పోయేదీ, ఆలస్యంగా తిరిగి వచ్చేదీ ఈ కదలికే. తువ్వాలును వీపు వెనుక ఏటవాలుగా పట్టుకుని, పై చేత్తో లాగుతూ కింది చేతిని పైకి తేవడం మూడోది. జాకెట్టు, లోదుస్తుల హుక్కులు పెట్టుకోవడానికీ, వెనుక జేబులోంచి డబ్బులు తీయడానికీ పనికివచ్చేది అదే. ఇది తొందరపడి మొదలుపెట్టకండి, నొప్పి బాగా తగ్గాకే. సాగదీసిన చోట పదిహేను నుంచి ముప్పై సెకన్లు ఆగి, మెల్లగా వదలండి.

గోడ మీద వేళ్లతో పైకి పాకించడం అందరికీ తెలిసిన వ్యాయామమే. దానికి నేను ఒకటి కలుపుతాను. గోడ మీద పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయండి. రోజూ కాదు, పది రోజులకు ఒకసారి. రోజూ కొలిస్తే నిన్నటి కంటే తగ్గినట్టు కనిపించి దిగులు పుడుతుంది.

పొందూరు నుంచి వచ్చిన ఒక నూలు వడికే అమ్మకు గోడ గీతలు అవసరం కాలేదు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకు చేసి, కుడి చేత్తో రాట్నం తిప్పుతూ ఎడమ చేత్తో దారం లాగుతారు. ఆమెకు ఎడమ భుజం పట్టేసింది. దారాన్ని వెనక్కీ పైకీ లాగే చెయ్యి రొమ్ము దగ్గరే ఆగిపోవడంతో, ఒక్కో లాగుకు వచ్చే దారం జానెడు అయిపోయిందని చూపించారు. మూరెడు దారం ఒక్క లాగులో వచ్చిన రోజున ఆమె నా దగ్గరకు వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే, ఖాళీ చేత్తో దారం లాగి చూపించి వెళ్లారు. మీ పనిలోనూ అలాంటి కొలత ఒకటి ఉంటుంది, వెతుక్కోండి.

ప్రశ్న: నొప్పి వచ్చినా ఓర్చుకుని గట్టిగా చేయాలా? గట్టిగా విరిస్తే తొందరగా వస్తుందంటారు.

నొప్పి దశలో గట్టిగా లాగితే తిత్తిలో వాపు పెరుగుతుంది, వాపు పెరిగితే బిగువూ పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లో 77 మందిని పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, నొప్పి హద్దు దాటకుండా మృదువుగా కదిలించినవారిలో నూటికి 89 మంది రెండేళ్లకు దాదాపు మామూలు భుజానికి చేరుకున్నారు. గట్టిగా సాగదీసిన వర్గంలో నూటికి 63 మందే ఆ స్థితికి వచ్చారు.

నేను ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినప్పుడు, పని నేర్చుకున్న ఒక చోట, రోగి కేక పెడితేనే చికిత్స జరిగినట్టు లెక్క. కిందటి రాత్రి నిద్రపోని ఒక పెద్దాయన చేతిని నేనే పట్టుకుని పైకి నెట్టాను. ఆయన పళ్లు బిగబట్టి ఊరుకున్నారు, మర్నాటి నుంచి రాలేదు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ జవాబు ఇంత గట్టిగా రాస్తున్నాను.

గుర్తు పెట్టుకోవడానికి ఒక కొలత ఉంది. వ్యాయామం చేసేటప్పుడు లాగినట్టు, కొద్దిగా నొప్పిగా ఉండటం మామూలే. ఆపిన అరగంట, గంటలో అది సద్దుమణగాలి. ఆ రాత్రి నిద్ర చెడితే, లేదా మర్నాడు నొప్పి పెరిగితే, మీరు ఎక్కువ చేశారని అర్థం. మర్నాడు సగమే చేయండి, కానీ మానేయకండి. నొప్పికి భయపడి చేతిని కొంగులో దాచుకున్నట్టు ఒంటికి అదిమి ఉంచుకునేవారికీ నష్టమే. బిగువు దశలోకి వచ్చాక మాత్రం కొంచెం గట్టిగా సాగదీయవచ్చు.

ప్రశ్న: రాత్రి నిద్ర పట్టడం లేదు. ఎలా పడుకోవాలి?

నొప్పి ఉన్న పక్కకు తిరిగి పడుకోవద్దు. వెల్లకిలా పడుకుని, మోచెయ్యి పరుపులోకి దిగిపోకుండా జబ్బ కింద మడతపెట్టిన దుప్పటి పెట్టుకోండి. లేదా బాగున్న పక్కకు తిరిగి, ఛాతీకి ఆనించి దిండు పెట్టుకుని, నొప్పి చేతిని దాని మీద వేసుకోండి. వైద్యుడు నొప్పి మాత్ర ఒక్క పూటకే రాస్తే, దాన్ని రాత్రికి వాడవచ్చా అని అడగండి.

ప్రశ్న: ఆముదం, వావిలాకు కాపడం, ఉప్పు మూట, పసరు కట్టు పనిచేస్తాయా?

ఆముదం గానీ, నువ్వులనూనె గానీ గోరువెచ్చగా రాసి మెల్లగా నిమిరితే హాయిగా ఉంటుంది. వావిలాకు కాపడం, ఉప్పు కాపడం కూడా వేడి వల్ల కండరాన్ని సడలిస్తాయి, వ్యాయామానికి ముందు పెట్టుకుంటే మంచిదే. ఇవేవీ లోపలి తిత్తిని చేరి దాన్ని సాగదీయలేవు. ఆయుర్వేదంలో ఈ రకమైన భుజం జబ్బును అవబాహుకం అని వర్ణించారు. ఆ చికిత్స కావాలనుకుంటే అర్హత ఉన్న వైద్యుడి దగ్గరే తీసుకోండి.

నేను వద్దనేవి రెండే. ఒకటి, చేతిని వారాల తరబడి కదలకుండా ఉంచే కట్టు. ఈ జబ్బుకు అది ఎరువు వేసినట్టే. రెండోది, పొట్లాల్లో ఇచ్చే పేరు లేని పొడి. ఇటువంటి పొడుల్లో స్టెరాయిడ్‌నో, నొప్పి మందునో కలుపుతారు, రెండు రోజుల్లో మహిమలా తగ్గుతుంది. కానీ లోపల షుగర్ పెరుగుతుంది, కిడ్నీ దెబ్బతింటుంది.

ప్రశ్న: పని మానేయాలా?

మానవద్దు. భుజం ఎత్తు కంటే కింద జరిగే పనులన్నీ చేయండి. పలాస జీడి బట్టీల్లో కూర్చుని గింజ ఒలిచేవారు బల్ల ఎత్తు తగ్గించుకుంటే పని సాగుతుంది. అటక మీది సామాను, దండెం మీద బట్టలు, బోరింగు కొట్టడం కొన్ని నెలలు ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. చొక్కా గానీ, జాకెట్టు గానీ వేసుకునేటప్పుడు నొప్పి చేతిని ముందు దూర్చండి, విప్పేటప్పుడు ఆఖరున తీయండి. అప్పటివరకూ ముందు హుక్కుల జాకెట్లు కుట్టించుకోవడం మేలు. ద్విచక్ర వాహనం మాత్రం, హ్యాండిల్‌ను రెండు చేతులతోనూ తటాలున తిప్పగలిగితేనే నడపండి.

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఆ చెయ్యి కూడా ఇలాగే బిగుసుకుంటుందా?

బిగుసుకోవచ్చు. లేపి కూర్చోబెట్టేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగకండి, నడుము దగ్గరా, వీపు దగ్గరా పట్టండి. కూర్చున్నప్పుడు చెయ్యి వేలాడకుండా దిండు మీద పెట్టండి. మొదటి వారాల నుంచే ఫిజియోథెరపిస్టు చూపిన విధంగా రోజూ మెల్లగా కదిలించండి.

ప్రశ్న: ఆపరేషన్ ఎప్పుడు అవసరం అవుతుంది?

ఎక్కువమందికి అవసరం రాదు. మూడు నుంచి ఆరు నెలలపాటు సరిగ్గా చికిత్స తీసుకున్నా మెరుగు లేక, రోజువారీ జీవితం స్తంభించినప్పుడు ఆలోచించాలి. దానికి ముందు మెట్టుగా, స్టెరాయిడ్, మత్తు మందు కలిపిన సెలైన్‌ను స్కానింగులో చూస్తూ కీలులోకి ఎక్కించి తిత్తిని సాగదీసే పద్ధతి ఒకటి ఉంది. ఆ తర్వాతిది, పూర్తి మత్తు ఇచ్చి వైద్యుడు చేతిని కదిపి అతుకులను విడదీయడం. ఎముక పలచబడినవారికి ఇందులో ఎముక విరిగే ప్రమాదం ఉంది. మరొకటి, చిన్న గాట్ల ద్వారా గొట్టం కెమెరా పంపి, బిగుసుకున్న తిత్తిని కోసి వదులు చేసే ఆపరేషన్.

బ్రిటన్‌లో 503 మందిని తీసుకుని, మత్తులో కదపడం, కెమెరా ఆపరేషన్, ఇంజెక్షన్‌తో కూడిన క్రమబద్ధమైన ఫిజియోథెరపీ అనే మూడింటినీ పోల్చిన అధ్యయనం 2020లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఏడాది గడిచాక మూడు వర్గాల మధ్య రోగి జీవితంలో తెలిసేంత తేడా కనిపించలేదు. కాబట్టి మొదటి రోజునే ఆపరేషన్ అని ఎవరైనా అంటే, ఇంకొక ఎముకల వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు. ఆపరేషన్ చేయించుకున్నా మర్నాటి నుంచే వ్యాయామం మొదలుపెట్టాలి. అది తప్పించుకోవడానికి ఆపరేషన్ దారి కాదు.

ప్రశ్న: పూర్తిగా తగ్గుతుందా? మళ్లీ వస్తుందా?

ఎక్కువమందికి పనికి అడ్డురానంతగా తగ్గుతుంది. కొందరికి, ముఖ్యంగా షుగర్ ఉన్నవారికి, చెయ్యి వెనక్కి పెట్టినప్పుడో, పూర్తిగా ఎత్తినప్పుడో కొద్దిపాటి బిగువు మిగలవచ్చు. అదే భుజానికి మళ్లీ రావడం అరుదు. రెండో భుజానికి మాత్రం అయిదేళ్లలోపు నూటికి 6 నుంచి 17 మందికి వస్తుంది. రెండో వైపు సలుపు మొదలైతే ఆలస్యం చేయకుండా రండి, ఈసారి ఏం జరుగుతోందో మీకు ముందే తెలుసు.

అరసవల్లిలో రెండు చేతులూ తల మీదికి ఎత్తి సూర్యనారాయణస్వామికి దండం పెట్టుకోలేకపోయానని కన్నీళ్లు పెట్టుకున్న ఒక మాస్టారు, రెండో రథసప్తమికి పెట్టుకోగలిగారు. కుడి చెయ్యి ఎడమ చెయ్యి కంటే రెండు వేళ్లు కిందనే ఉందని ఆయనే చెప్పారు.

ప్రశ్న: ఏ గుర్తులు కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి?

ఎడమ భుజం నొప్పితోపాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బిగువు ఉంటే అది గుండె కావచ్చు, 108కి ఫోన్ చేయండి. పడిన తర్వాత చెయ్యి ఎత్తలేకపోవడం, భుజం ఆకారం మారడం, జ్వరంతో కీలు ఎర్రబడి వేడెక్కడం, చెయ్యి బలం హఠాత్తుగా తగ్గడం కూడా ఆగవలసినవి కావు. చుట్ట, బీడీ ఏళ్ల తరబడి తాగినవారికి తగ్గని భుజం నొప్పితోపాటు బరువు తగ్గడం, దగ్గు, కనురెప్ప వాలడం వంటివి ఉంటే ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించాలి, ఊపిరితిత్తి పై కొనలోని గడ్డ భుజం నొప్పిగా కనిపించవచ్చు.

ప్రశ్న: మొదటిసారి వచ్చేటప్పుడు ఏమేం తేవాలి?

పాత ఎక్స్‌రేలు, షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్ రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకుని రండి. నొప్పి ఏ నెలలో మొదలైందో, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోందో కాగితం మీద రాసుకోండి. భుజం కనిపించేలా వదులుగా ఉన్న దుస్తులు వేసుకోండి. ఆడవారు తోడుగా ఎవరినైనా తీసుకురావచ్చు. ఇంట్లో వ్యాయామం గుర్తు చేయవలసింది ఎలాగూ వారే కాబట్టి, చూపించేటప్పుడు వారూ చూడటం మంచిది.